లినక్స్ అప్‌గ్రేడ్‌లో సొంత డేటా తరలింపు

లినక్స్ డెస్క్‌టాప్‌ను ఒక వెర్షన్ నుంచి తరువాతి వెర్షన్‌కు మార్చినప్పుడు, వాడేవారి ఉత్తరాలు, బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, నోట్సులు, సెట్టింగులు కొత్త వ్యవస్థకు చేరడాన్ని డేటా తరలింపు అంటారు. పేరు వింటే ఇది అప్‌గ్రేడ్‌లోనే ఒక భాగమనీ, ఇన్‌స్టాలర్ చేసిపెట్టే పనేననీ అనిపిస్తుంది. నిజానికి ఇన్‌స్టాలర్‌కు దీనితో దాదాపు సంబంధం లేదు. అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు ప్రోగ్రాములుండే యూఎస్ఆర్ డైరెక్టరీ మారిపోతుంది. యంత్రం మొత్తానికి వర్తించే సెట్టింగులు ఈటీసీ డైరెక్టరీలో ఉంటాయి. అక్కడి ఫైలును ఎవరైనా చేత్తో దిద్ది ఉంటే డెబియన్, ఉబుంటులలో డీపీకేజీ అనే ప్యాకేజీ సాధనం ఆగి, పాతది ఉంచాలా కొత్తది వెయ్యాలా అని అడుగుతుంది. హోమ్ డైరెక్టరీ జోలికి మాత్రం పోదు. అది వాడేవారి సొత్తు, అందులో వేలు పెట్టకూడదన్నది యూనిక్స్ కాలం నుంచి వస్తున్న మర్యాద. మర్యాద మంచిదే గానీ, దాని వల్ల తరలింపు బాధ్యత అంతా ఒక్కొక్క అనువర్తనం మీద పడింది. కొత్త వెర్షన్‌లో మొదటిసారి తెరుచుకున్నప్పుడు ప్రతి ప్రోగ్రామూ తన పాత ఫైళ్లను తానే వెతుక్కుని, తానే మార్చుకోవాలి. అందుచేత తరలింపు అప్‌గ్రేడ్ రోజున ఒక్కసారిగా జరిగిపోదు. ఏ ప్రోగ్రామును ఎప్పుడు తెరిస్తే అప్పుడు, విడివిడిగా, చాలాసార్లు చడీచప్పుడూ లేకుండా జరుగుతుంది. ఈ సంగతి పట్టుబడితే, తరలింపు గురించి చెప్పుకునే జాగ్రత్తల్లో ఏవి పనికొస్తాయో, ఏవి ఊరటకు మాత్రమేనో తేల్చుకోవచ్చు.

ఈ ఫైళ్లు ఎక్కడుంటాయన్న దానికీ ఒక కథ ఉంది. చుక్కతో మొదలయ్యే పేరున్న ఫైలు మామూలుగా కంటికి కనిపించదు. ఇది ఎవరో ఆలోచించి చేసిన ఏర్పాటు కాదని, తొలినాటి యూనిక్స్‌లో ఎల్ఎస్ ఆదేశం రాసినప్పుడు తీసుకున్న ఒక దగ్గరదారి ఫలితమని యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ చెప్పారు. ఒంటి చుక్క, జంట చుక్క అనే రెండు ప్రత్యేక పేర్లను జాబితాలోంచి తప్పించడానికి, పేరులో మొదటి అక్షరం చుక్కేనా అని మాత్రమే చూశారట. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ దాగిపోయింది. ప్రోగ్రాములు రాసేవారికి అది దాపుడు గదిగా దొరికింది. ప్రతి ప్రోగ్రామూ హోమ్ డైరెక్టరీలో చుక్క పెట్టి తన పేరుతో ఒక ఫోల్డర్ తెరిచింది. 2000లో హావక్ పెనింగ్టన్ మొదలుపెట్టిన ఫ్రీడెస్క్‌టాప్ వేదిక దీనికి ఒక పద్ధతి ప్రతిపాదించింది. సెట్టింగులు డాట్ కాన్ఫిగ్‌లో, అసలు డేటా డాట్ లోకల్ లోపలి షేర్‌లో, పోయినా మళ్లీ పుట్టించుకోగలిగినవి డాట్ క్యాష్‌లో ఉండాలన్నది ఆ పద్ధతి. 2021లో నాలుగోదాన్ని చేర్చారు. ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా, లాగుల వంటి స్థితి సమాచారానికి డాట్ లోకల్ లోపల స్టేట్ అనే చోటు ఏర్పడింది. చూడటానికి ఇది గదుల సర్దుబాటే. తరలింపు దృష్టితో చూస్తే మాత్రం చాలా విలువైన విభజన, ఎందుకంటే ఏది పోతే ఏడవాలో, ఏది పోయినా పరవాలేదో ఫోల్డర్ పేరే చెబుతుంది. అయితే అందరూ పాటించలేదు. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఏళ్ల తరబడి డాట్ మొజిల్లాలోనే ఉంది, థండర్‌బర్డ్ ఉత్తరాలు డాట్ థండర్‌బర్డ్‌లో ఉన్నాయి. పాటించిన ఎవల్యూషన్ లాంటి మెయిల్ ప్రోగ్రాము కూడా 2010 నాటి 2.32 వెర్షన్‌లో తన పాత ఫోల్డర్‌ను మూడు ముక్కలు చేసి మూడు చోట్లకు పంపింది. మంచి పద్ధతికి మారడం కూడా మరొక తరలింపే అయింది.

మొదటిసారి తెరుచుకున్నప్పుడు ప్రోగ్రాములు చేసే పని అన్నిచోట్లా ఒకటి కాదు. అందరికంటే పెద్దమనిషి తరహా, బొమ్మలు దిద్దే ప్రోగ్రాము గింప్‌ది. వెర్షన్‌కు ఒక ఫోల్డర్ పెట్టుకుంటుంది. 2018లో 2.10 వచ్చినప్పుడు పాత 2.8 ఫోల్డర్‌లోని బ్రష్‌లను, సెట్టింగులను కొత్త ఫోల్డర్‌లోకి నకలు చేసుకుంది. 2025 మార్చిలో 3.0 వచ్చినప్పుడూ అదే పని చేసింది. పాత ఫోల్డర్‌ను ముట్టుకోదు. కొత్తది నచ్చక పాత గింప్‌కు తిరిగి వెళ్తే అక్కడ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది. ఖర్చల్లా కొంచెం డిస్కు చోటు. లిబ్రేఆఫీస్‌ను చూసి కూడా చాలామంది ఇలాగే అనుకుంటారు, దాని సెట్టింగులు 4 అనే అంకె ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి. కానీ ఆ అంకె 2013 నాటి నాలుగో వెర్షన్‌తో వచ్చి అక్కడే ఆగిపోయింది. ఐదు, ఆరు, ఏడు వెర్షన్లు దాటి 24 వచ్చినా అదే ఫోల్డర్. పేరులో అంకె ఉన్నంత మాత్రాన వెర్షన్‌కో కాపీ ఉందని నమ్మితే మోసపోతాం.

రెండో తరహా, ఉన్నచోటే మార్చేసుకోవడం. ఫైర్‌ఫాక్స్ తన బుక్‌మార్కులను, చూసిన పేజీల చరిత్రను ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దాస్తుంది. కొత్త వెర్షన్‌కు పట్టికల నిర్మాణం మారి ఉంటే, తెరిచిన వెంటనే ఆ డేటాబేస్‌నే కొత్త రూపంలోకి దిద్దుకుంటుంది. ముందుకు వెళ్లడానికి దారి ఉంటుంది, వెనక్కి రావడానికి ఉండదు. ఈ వన్‌వే గురించి మొజిల్లా చాలాకాలం గట్టిగా చెప్పలేదు. 2019 మేలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67 మాత్రం నేరుగా అడ్డం నిలబడింది. కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవబోతే ఆపేసి, వేరే కొత్త ప్రొఫైల్ పెట్టుకోమంటుంది, లేదంటే మూసేయమంటుంది. ఏ వెర్షన్ చివరిగా వాడిందో ప్రొఫైల్‌లోనే ఒక చిన్న ఫైలులో రాసి ఉంచుకుని దీన్ని పసిగడుతుంది. వాడేవారికి ఇది విసుగు తెప్పించే పెంకితనంలా కనిపించింది. నా దృష్టిలో అదొక నిజాయితీ. మిగతా ప్రోగ్రాములు చాలావరకు ఇంత మాట కూడా చెప్పకుండా తెరిచేసి, అర్థంకాని భాగాన్ని వదిలేస్తాయి, లేదా తుడిచేస్తాయి.

మూడో తరహాలో దాచే పద్ధతే మొత్తం మారుతుంది. ఇక్కడే ఎక్కువ నష్టాలు జరిగాయి. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ రెండో వెర్షన్ కాలంలో సెట్టింగులన్నీ జీకాన్ఫ్ అనే వ్యవస్థలో, ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా ఉండేవి. 2011 ఏప్రిల్‌లో వచ్చిన గ్నోమ్ 3 నాటికి వాటి స్థానాన్ని జీసెట్టింగ్స్, దాని వెనుక డీకాన్ఫ్ అనే బైనరీ డేటాబేస్ ఆక్రమించాయి. పాత విలువలను కొత్తదాంట్లోకి పంపడానికి ఒక చిన్న కన్వర్టర్ ఉండేది. వాడేవారు లాగిన్ అయినప్పుడు అది నడిచి, ఏ పాత సెట్టింగు ఏ కొత్త సెట్టింగుకు సమానమో చెప్పే పట్టికలు చదివి విలువలు మోసేది. పట్టికలో లేనిది వెనకే ఉండిపోయేది. గ్నోమ్ 2 ప్యానెల్ మీద ఏళ్ల తరబడి అమర్చుకున్న చిన్న చిన్న ఆప్లెట్లకు గ్నోమ్ షెల్‌లో సమానమైనవే లేవు కాబట్టి ఏ పట్టికా వాటిని కాపాడలేకపోయింది. మరో చిక్కు ఇంకా లోతైనది. ఆ కన్వర్టర్ జీకాన్ఫ్ ప్యాకేజీలోనే భాగం. డిస్ట్రిబ్యూషన్లు జీకాన్ఫ్‌ను తీసేసిన తరువాత, పాత హోమ్ డైరెక్టరీని తెచ్చిపెట్టినా దాన్ని చదివి మార్చేవాడు ఆ యంత్రంలో లేడు. అంటే తరలింపు సాధనానికి కూడా ఆయుర్దాయం ఉంటుంది. ఆ గడువులోపల దాటినవారు దాటారు.

కేడీఈ అనే మరో డెస్క్‌టాప్‌లో మెయిల్ ప్రోగ్రాము కేమెయిల్‌ది ఇంకో పాఠం. 2011 జూన్‌లో వచ్చిన 4.6 కేడీఈ పిమ్‌తో కేమెయిల్ 2 అకోనాడి అనే మధ్యవర్తి సేవ మీదకు ఎక్కింది. ఉత్తరాలు చాలావరకు డిస్కు మీద వేరువేరు ఫైళ్లుగానే ఉన్నాయి. మారింది వాటి గురించిన జ్ఞానం. ఏ ఫోల్డర్ ఏదన్నది పేరుతో కాక అకోనాడి ఇచ్చిన సంఖ్యతో గుర్తించడం మొదలైంది. ఫిల్టర్లు కూడా ఆ సంఖ్యలనే పట్టుకుని ఉంటాయి. అకోనాడి డేటాబేస్‌ను వదిలేసి సెట్టింగుల ఫైళ్లు మాత్రమే కొత్త యంత్రానికి మోస్తే, లేదా డేటాబేస్ పాడై మళ్లీ కట్టుకుంటే, సంఖ్యలు మారిపోతాయి. ఫిల్టర్లు లేని ఫోల్డర్ వైపు వేలు చూపిస్తాయి. డేటా అంటే ఫైళ్లు మాత్రమే కాదు, ఫైళ్ల మధ్య ఉన్న లంకెలు కూడా. క్రోమియం బ్రౌజర్‌లోనూ ఇదే. దాచిన పాస్‌వర్డులు దాని సొంత ఫోల్డర్‌లోనే ఉంటాయి గానీ, వాటికి వేసిన తాళం చెవి గ్నోమ్ కీరింగ్‌లోనో కేవాలెట్‌లోనో ఉంటుంది. ఆ కీరింగ్‌కు తాళం మళ్లీ పాత లాగిన్ పాస్‌వర్డ్. మూడింటిలో ఒక్కటి తప్పినా మిగతా రెండూ వృథా. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తూ సరదాకి పాస్‌వర్డ్ మార్చుకున్నవారు పాతది గుర్తుంచుకోకపోతే కీరింగ్ తెరుచుకోదు.

ఇంత చెప్పాక సహజంగా వచ్చే అభ్యంతరం ఒకటుంది. హోమ్‌ను వేరే పార్టిషన్‌లో పెట్టుకుని, కొత్త వ్యవస్థను మరో పార్టిషన్‌లో వేసుకుంటే చాలదా? తరతరాలుగా లినక్స్ గురువులందరూ ఇచ్చే సలహా ఇదే. సలహా తప్పు కాదు, ఫైళ్లు పోకుండా అది నిజంగానే కాపాడుతుంది. కానీ ఫైళ్లు ఉండటం వేరు, కొత్త ప్రోగ్రాముకు అవి అర్థం కావడం వేరు. పైగా యంత్రం ఫైలు యజమానిని పేరుతో కాక యూజర్ సంఖ్యతో గుర్తిస్తుంది. ఫెడోరా చాలాకాలం మొదటి యూజర్‌కు 500 ఇచ్చేది, 2011 నాటి ఫెడోరా 16 నుంచి 1000 ఇవ్వడం మొదలుపెట్టింది. పాత హోమ్‌ను అలాగే ఉంచి ఫెడోరా 16 కొత్తగా వేసుకున్నవారికి, పేరు అదే అయినా, తమ ఫైళ్లు తమవి కాకుండా పోయే ప్రమాదం ఏర్పడింది. యూజర్ పేరు మార్చుకుంటే మరొకటి. రిథమ్‌బాక్స్ పాటల జాబితాలోనూ, ఫోటో ప్రోగ్రాముల డేటాబేస్‌లలోనూ ప్రతి ఫైలుకూ పూర్తి చిరునామా రాసి ఉంటుంది. పేరు మారితే చిరునామా మారి, పాటలున్నా పాటలు లేవంటాయి. 2020లో సిస్టమ్‌డీలో చేరిన హోమ్‌డీ అనే ఏర్పాటు మొత్తం హోమ్‌ను ఒకే గుప్త సంపుటంగా మోసుకెళ్లేలా చేసి సంఖ్యల సమస్యను తీర్చింది. ఫార్మాట్ల సమస్య మాత్రం ఉన్నచోటే ఉంది.

దీనికి తోడు అంతగా ఎవరూ గమనించని తేడా ఒకటి. ఉబుంటు, దీర్ఘకాల మద్దతుండే ఒక ఎల్‌టీఎస్ విడుదల నుంచి మరో ఎల్‌టీఎస్‌కు అప్‌గ్రేడ్ చేస్తే మధ్యలో ఒక్కటి కూడా దాటేయడానికి ఒప్పుకోదు. 20.04 నుంచి 24.04కు పోవాలంటే 22.04 మీదుగానే పోవాలి. డెబియన్ కూడా ఒక విడుదలను దాటేసి దూకడాన్ని సమర్థించదు. ఈ నియమం ప్యాకేజీల కోసం పెట్టింది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి పాత హోమ్‌ను తగిలించుకునేవారికి ఆ అడ్డు ఉండదు. రెండు మూడు విడుదలలు ఒక్క దూకులో దాటవచ్చు. ప్రోగ్రాముల్లోని కన్వర్టర్లు మాత్రం మెట్టు మెట్టుగా ఎక్కేవారి కోసం రాసినవి. నియమం ప్రకారం నడిచినా దూకడం తప్పని సందర్భాలున్నాయి. 2011 ఫిబ్రవరి నాటి డెబియన్ స్క్వీజ్‌లో ఉన్నది గ్నోమ్ 2.30. 2013 మే నాటి వీజీలో ఉన్నది 3.4. మధ్యలో వచ్చిన మెట్లన్నీ డెబియన్ వాడేవారికి ఒక్క రోజులో దాటాల్సిన గోడ అయ్యాయి.

రెండో అభ్యంతరం దీనికి పూర్తిగా ఎదురువైపు నుంచి వస్తుంది. ఈ తలనొప్పంతా ఎందుకు, చుక్క ఫోల్డర్లన్నీ తీసి పారేసి, పత్రాలు, ఫోటోలు మాత్రం ఉంచుకుని శుభ్రంగా మొదలుపెడితే పోలా? డెస్క్‌టాప్ వింతగా ప్రవర్తిస్తుంటే ఇది మంచి మందే. పాత థీమ్, పాత ఎక్స్‌టెన్షన్లు కొత్త షెల్‌తో గొడవ పడుతున్నప్పుడు ఆ కొన్నిటిని పక్కకు తప్పిస్తే చాలా చిక్కులు విడిపోతాయి. కానీ సొంత డేటా పత్రాల ఫోల్డర్‌లోనే ఉంటుందన్న నమ్మకం మీద ఈ మందు నిలబడింది, ఆ నమ్మకం తప్పు. పాప్ పద్ధతిలో దించుకున్న ఉత్తరాలకు థండర్‌బర్డ్ ఫోల్డర్ తప్ప వేరే కాపీ ఉండకపోవచ్చు. తెలుగులో రాసేవారి సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టం. లిబ్రేఆఫీస్‌లో రాస్తూ, ఎర్ర గీత పడిన ప్రతి సరైన మాటనూ సొంత నిఘంటువులో చేర్చుకుంటూ పోతారు. సంధులతో, విభక్తులతో పెరిగే భాషలో ఆ జాబితా ఏళ్లు గడిచేకొద్దీ వేల మాటలకు చేరవచ్చు. అది దాగి ఉండేది డాట్ కాన్ఫిగ్ లోపలి లిబ్రేఆఫీస్ ఫోల్డర్‌లో. ఫైర్‌ఫాక్స్‌లో చేర్చుకున్న మాటలు దాని ప్రొఫైల్‌లో వేరే ఫైలులో ఉంటాయి. పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ప్యాకేజీగా దొరుకుతాయి కాబట్టి వాటికి బెంగ లేదు. వేరేచోట నుంచి దించి డాట్ ఫాంట్స్‌లో వేసుకున్నవి తుడిచేస్తే పాత పత్రాల రూపమే మారిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో కొడతామా, ఆర్‌టీఎస్‌లో కొడతామా అన్న ఎంపిక గ్నోమ్‌లో డీకాన్ఫ్ లోపల ఉంటుంది. దాన్ని మళ్లీ పెట్టుకోవడం రెండు నిమిషాల పని. నిఘంటువు మాత్రం మళ్లీ పుట్టదు.

ఈ రోజుల్లో అన్నీ సింక్ అవుతున్నాయి కదా అన్న మాటలో సగం నిజముంది. బుక్‌మార్కులకు, బ్రౌజర్ పాస్‌వర్డులకు, ఐమ్యాప్ ఉత్తరాలకు అది సరిపోతుంది. సింక్ అనేది ఆ ప్రోగ్రాము తయారీదారు ఎంచుకున్న వాటికే ఎంచుకున్న మేరకే వర్తిస్తుంది. మిగిలినవి యంత్రంలోనే ఉంటాయి.

పైగా వెర్షన్ మారకుండానే చోటు మారే కొత్త పరిస్థితి గత దశాబ్దంలో వచ్చింది. స్నాప్, ఫ్లాట్‌పాక్ పద్ధతుల్లో ప్రతి ప్రోగ్రామూ తన గోడల మధ్య ఉంటుంది, డేటా కూడా ఆ గోడల లోపలే. ఫ్లాట్‌పాక్ ప్రోగ్రాములు డాట్ వార్ అనే ఫోల్డర్ కింద తమ తమ గదులు కట్టుకుంటాయి. ఇంతకుముందు మామూలు ప్యాకేజీగా వాడిన ప్రోగ్రామునే ఫ్లాట్‌పాక్‌గా వేస్తే చాలాసార్లు అది పాత సెట్టింగులను చూడనే చూడదు. ఉబుంటు 22.04కు అప్‌గ్రేడ్ అయినవారి ఫైర్‌ఫాక్స్ డెబ్ ప్యాకేజీ నుంచి స్నాప్‌కు మారింది. మొదటిసారి తెరిచినప్పుడు డాట్ మొజిల్లాలోని ప్రొఫైల్‌ను స్నాప్ ఫోల్డర్‌లోకి నకలు చేసుకుంది. నకలు కాబట్టి పాతది అక్కడే మిగిలింది. ఆ తరువాత మొజిల్లా 2024 జనవరిలో తన సొంత డెబ్ ప్యాకేజీలు ఇవ్వడం మొదలుపెట్టింది. స్నాప్ వదిలి వాటికి మారినవారికి డెబ్ ఫైర్‌ఫాక్స్ మళ్లీ డాట్ మొజిల్లా వైపే చూస్తుంది. అక్కడ ఉండేది అప్‌గ్రేడ్ రోజున గడ్డకట్టిన పాత బుక్‌మార్కులు. డేటా పోయిందని కంగారు పడేవారికి నిజానికి రెండు కాపీలున్నాయి, చూస్తున్నది తప్పు కాపీని. 24.04లో థండర్‌బర్డ్‌కూ ఇదే మార్పు వచ్చింది. ఇటువంటి చోటు మార్పు పాతకాలంలోనూ ఒకసారి సాఫీగా జరిగింది. ట్రేడ్‌మార్కు వివాదం వల్ల డెబియన్ థండర్‌బర్డ్‌ను ఏళ్లపాటు ఐస్‌డవ్ అనే పేరుతో ఇచ్చింది. 2017లో అసలు పేరు తిరిగొచ్చినప్పుడు, మొదటిసారి తెరిచే స్క్రిప్టే డాట్ ఐస్‌డవ్‌లోని సరుకును డాట్ థండర్‌బర్డ్‌కు చేర్చింది. డిస్ట్రిబ్యూషన్ హోమ్‌ను ముట్టుకోకుండానే, వాడేవారి చేతిమీదుగా పని జరిపించిన తీరు అది.

మార్పు మొదటిసారి తెరిచినప్పుడు జరుగుతుంది కాబట్టి, కాపీ తీసుకోవలసిన సమయం అంతకుముందే. అప్‌గ్రేడ్ అయ్యాక ఒకసారి అన్నీ తెరిచి చూసి, ఆ తరువాత బ్యాకప్ తీస్తే దొరికేది మారిపోయిన రూపమే. కాపీ తీసేటప్పుడు ప్రోగ్రాములన్నీ మూసి ఉండాలి. ఎస్‌క్యూలైట్‌కు 2010 నుంచి వాల్ అనే పద్ధతి ఉంది. అది వాడే డేటాబేస్‌లలో తాజా మార్పులు ముందు పక్క ఫైలులోకి పోయి, తరువాత అసలు ఫైలులో కలుస్తాయి. నడుస్తున్నప్పుడు అసలు ఫైలును మాత్రమే నకలు చేస్తే ఆ చివరి మార్పులు జారిపోతాయి. ఫైల్ మేనేజర్‌లో అన్నీ సెలెక్ట్ చేసి లాగితే చుక్క ఫోల్డర్లు రానే రావు. ఆర్‌సింక్‌తో మొత్తం హోమ్‌ను అనుమతులతో, లంకెలతో సహా తీసుకుని, డాట్ క్యాష్‌ను వదిలేయడం ఉత్తమం. ఒకే హోమ్‌ను రెండు వెర్షన్లు పంచుకోవడం, అంటే డ్యూయల్ బూట్‌లో ఒకరోజు పాతదీ మరోరోజు కొత్తదీ వాడటం, అన్నిటికంటే ప్రమాదకరం. ఒకే యూజర్ పేరుతో రెండు హోమ్‌లు పెట్టుకుని, పత్రాల ఫోల్డర్‌ను మాత్రం రెంటికీ కలపడం దీనికి తగిన మార్గం. డీకాన్ఫ్‌లోని సెట్టింగులను డంప్ ఆదేశంతో మామూలు టెక్స్ట్‌గా తీసి ఉంచుకుంటే, కావలసిన నాలుగు పంక్తులు ఏరి కొత్తదాంట్లో వేసుకోవచ్చు. బైనరీ ఫైలుతో ఆ వీలు లేదు.

టెక్స్ట్ రూపానికి ఉన్న బలం టామ్‌బాయ్ నోట్సుల్లో కనిపిస్తుంది. ఒకప్పుడు గ్నోమ్ డెస్క్‌టాప్‌లో అందరికీ అలవాటైన ఆ ప్రోగ్రాము తరువాతి విడుదలల్లో కనుమరుగైంది. దాని ప్రతి నోట్సూ ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు కావడంతో జీనోట్ అనే ప్రోగ్రాము వాటిని తీసుకోగలిగింది. జీనోట్ లేకపోయినా ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా చదువుకోవచ్చు. అందుకే పెద్ద దూకుకు ముందు ఉత్తరాలను ఎంబాక్స్‌గా, చిరునామాలను వీకార్డ్‌గా, బుక్‌మార్కులను హెచ్‌టీఎంఎల్‌గా ఎగుమతి చేసి పక్కన పెట్టడం చాలామంది అలవాటు. ఇదీ ప్రొఫైల్ కాపీకి బదులు కాదు. హెచ్‌టీఎంఎల్‌గా తీసిన బుక్‌మార్కుల్లో చూసిన పేజీల చరిత్ర రాదు, ఎంబాక్స్‌లోకి మెయిల్ ఖాతాల సెట్టింగులూ ఫిల్టర్లూ రావు.